పైపులూ క్లచ్చూ అన్నీ మార్చాం అంటారు, ఇంజిన్ కింద రబ్బర్లు చూశారా?

ఎడిటర్ గారికి నమస్కారం.

మీ పేపర్లో బండ్ల గురించి ఏది వచ్చినా కొత్త మోడల్ గురించే ఉంటోంది, మైలేజ్ ఎంత, స్క్రీన్ ఎంత పెద్దది, రంగులెన్ని అని. కానీ రోజూ సరుకు మోసేవాటిలో పాత డీజిల్ ట్రక్కులు ఎన్ని లేవండీ, వాటిని నడిపేవాళ్లు, వాటి మీద బతికేవాళ్లు కూడా మీ పేపర్ చదువుతారు. నేను అలాంటి బండ్ల మీద పనిచేసే మెకానిక్‌ని. వాళ్లకి పనికొచ్చే ఒక్క విషయం రాస్తున్నా, కొంచెం పెద్దదైనా పూర్తిగా వేయమని రిక్వెస్ట్.

విషయం ఇంజిన్ మౌంటింగులు. ఫౌండేషన్ రబ్బర్లు అని కూడా అంటారు, ఇంజిన్‌కీ ఛాసీకీ (బండి అడుగున ఉండే ఇనుప ఫ్రేము) మధ్యలో ఉండే రబ్బరు దిమ్మలు. ఇంజిన్ ఆయిల్ గురించి అందరూ అడుగుతారు, టైర్ల గురించి అడుగుతారు, బ్రేకుల గురించి అడుగుతారు, వీటి గురించి మాత్రం పూర్తిగా తెగి ఇంజిన్ ఒక పక్కకి వాలిపోయాకే అడుగుతారు. ఈలోపు ఆ బండికి ఎన్ని పార్టులు అనవసరంగా మార్చి ఉంటారో లెక్క ఉండదు. పాత డీజిల్ బండిలో ఏదైనా పార్టు ఒకే చోట మళ్లీ మళ్లీ పగులుతోంది అంటే ఆ పార్టుని తిట్టకముందు, ముఖ్యంగా డ్రైవర్ని తిట్టకముందు, ఇంజిన్ కింద రబ్బర్లు చూడండి. ఈ లెటర్ రాస్తున్నదే ఈ మాట చెప్పడానికి.

ఎందుకో చెప్తా. డీజిల్ ఇంజిన్ అంటేనే దెబ్బ గట్టిగా ఉంటుంది, పెట్రోల్ ఇంజిన్ గాలిని పది రెట్లు చుట్టుపక్కల నొక్కితే పాత డీజిల్ 16 నుంచి 22 రెట్ల దాకా నొక్కుతుంది. నాలుగు సిలిండర్ల ఇంజిన్ క్రాంక్ (పిస్టన్లు తిప్పే ఇరుసు) ఒక్క చుట్టు తిరిగేసరికి రెండుసార్లు ఫైర్ అవుతుంది, అంటే నిమిషానికి 750 చుట్ల (ఆర్‌పీఎం) స్లో స్పీడ్, అదే యాక్సిలరేటర్ తొక్కకుండా తిరిగే ఐడిల్ వేగం మీద సెకనుకి 25 దెబ్బలు. ఆరు సిలిండర్లదైతే 600 మీద కూడా సెకనుకి 30. బండి నిలబడి ఉన్నప్పుడు కూడా ఈ దెబ్బలు ఆగవు, వీటిని ఛాసీకి ఎక్కకుండా మధ్యలో ఆపేది ఆ రబ్బరు ఒక్కటే.

ఇక్కడ చాలామందికి తెలియని సంగతి ఒకటుంది, అందుకే కాస్త ఓపిగ్గా రాస్తున్నా. రబ్బరు మీద కూర్చున్న ఇంజిన్‌కి తనదంటూ ఒక ఊగే వేగం ఉంటుంది, కంపెనీ వాళ్లు ఆ రబ్బరు మెత్తదనం ఎంచుకునేదే ఆ వేగం స్లో స్పీడ్ దెబ్బల కంటే బాగా కింద, సుమారుగా సెకనుకి పది ఊపుల దగ్గర ఉండేలాగ. ఇంజిన్ సొంత ఊపు కన్నా కనీసం 1.4 రెట్లు వేగంగా దెబ్బలు పడితేనే రబ్బరు వాటిని తగ్గించడం మొదలుపెడుతుంది, అంతకంటే దగ్గరగా పడితే తగ్గించకపోగా ఇంకా పెంచి ఛాసీకి పంపిస్తుంది. ఇప్పుడు ఏళ్లు గడిచి రబ్బరు గట్టిపడింది అనుకోండి, ఎక్కడా తెగలేదు, పగల్లేదు, పైకి బానే కనిపిస్తుంది, కానీ గట్టిపడేసరికి ఆ ఊగే వేగం పెరిగి స్లో స్పీడ్ దగ్గరికి వచ్చేస్తుంది. అప్పుడు స్లోలో క్యాబిన్ అంతా వణుకుతుంది, అద్దంలో వెనక బండి రెండుగా కనిపిస్తుంది, కొంచెం రేస్ చేస్తే మాత్రం వణుకు పోతుంది. అందరూ ఏం చేస్తారంటే స్లో స్పీడ్ స్క్రూ తిప్పి ఐడిల్ కొంచెం పెంచేస్తారు, వణుకు తగ్గింది కదా అని వదిలేస్తారు. రబ్బరు ఇంకా గట్టిపడుతుంది, మళ్లీ పెంచుతారు. డీజిల్ ఖర్చవుతూ ఉంటుంది, జబ్బు అలాగే ఉంటుంది.

బండి ఆఫ్ చేసినప్పుడు వచ్చే కుదుపు కూడా దీనిలోదే. స్పీడ్ తగ్గుతూ సున్నాకి వచ్చే దారిలో ఆ ఊగే వేగాన్ని దాటాల్సిందే కదా, పాత డీజిల్ ఇంజిన్లకి గాలి దారిలో థ్రాటిల్ (గాలిని అడ్డుకునే తలుపు) ఉండదు కాబట్టి డీజిల్ ఆగిపోయాక కూడా ప్రతి సిలిండర్ నిండా గాలి పీల్చి నొక్కుతూనే ఆగుతుంది. అందుకే మంచి మౌంటింగులున్న బండి కూడా ఆఫ్ చేస్తే ఒకసారి ఊగుతుంది, అది మామూలే. ఊగి ఊరుకోకుండా ఖణ్ మని ఇనుము ఇనుముకి తగిలిన శబ్దం వస్తే మాత్రం రబ్బరు పని అయిపోయినట్టే.

ఇక లాగే బలం సంగతి. ఇంజిన్, గేర్‌బాక్స్ ఒకటిగా బిగించి ఉన్న బండిలో ఫస్ట్ గేర్లో మౌంటింగుల మీద పడేది ఇంజిన్ టార్క్ (తిప్పే బలం) ఒక్కటే కాదు, గేర్‌తో గుణించిన టార్క్. 400 న్యూటన్ మీటర్ల ఇంజిన్, ఫస్ట్ గేర్ రేషియో 7 అనుకుందాం, 2800 అవుతుంది. రెండు పక్కల మౌంటింగుల మధ్య దూరం 70 సెంటీమీటర్లు ఉంటే ఒక్కో పక్క నాలుగు వేల న్యూటన్లు, అంటే దాదాపు 400 కిలోల బరువుతో సమానమైన బలం, ఒక పక్క రబ్బరుని కిందకి నొక్కుతుంది, ఇంకో పక్క రబ్బరుని పైకి పీకుతుంది. రబ్బరుకి నొక్కితే పర్లేదు, పీకితేనే చేటు, ఇనుప ప్లేటుకి అతుక్కున్న చోట విడిపోతుంది. ఎక్కువ ఇంజిన్లు తిరిగే దిశని బట్టి చూస్తే ముందుకి లాగేటప్పుడు పైకి లేచేది ఎడమ పక్క, అందుకే ఎడమది ముందు పోతుంది, రివర్స్‌లో కుడిది లేస్తుంది. లోడ్ మీద ఎత్తులోకి రివర్స్ కొట్టే పని ఎక్కువ ఉన్న బండ్లకి కుడిది కూడా అంతే త్వరగా పోవడం చూస్తుంటాం.

మా దగ్గరికి వచ్చిన ఒక బండి సంగతి చెప్తా. ఇంజిన్ నుంచి దిగే సైలెన్సర్ పైపు దగ్గర వెల్డింగ్ మీద వెల్డింగ్ పడి అసలు పైపు ఏదో తెలియట్లేదు. ఆ పైపు మళ్లీ పగిలిందని తీసుకొచ్చారు, ఓనర్ గారు డ్రైవర్ మీద మండిపడుతున్నారు, గతుకుల్లో చూసుకోకుండా తోలుతున్నాడని. డ్రైవర్ నెమ్మదిగా ఒకటే అంటున్నాడు, "అన్నా క్లచ్ వదిలినప్పుడల్లా కింద ఏదో తంతున్నట్టు ఉంది, చెప్తే ఎవరూ వినట్లేదు" అని. లైట్ వేసి చూస్తే ముందు ఫ్యాన్ రెక్కల చివర్లు కౌలింగ్ (ఫ్యాన్ చుట్టూ ఉండే తొడుగు) లోపల కింది వైపు గీసుకుని, అక్కడ మాత్రమే ప్లాస్టిక్ తెల్లగా అరిగి ఉంది, పై వైపు ఖాళీ ఎక్కువుంది, అంటే ఇంజిన్ కిందకి దిగిపోయిందని అక్కడే తెలిసిపోయింది. ఎడమ మౌంటింగ్ బయటి నుంచి చూస్తే దుమ్ము పట్టి బానే ఉంది. టామీ రాడ్ (మీటి ఎత్తే ఇనుప కడ్డీ) పెట్టి బ్రాకెట్‌ని కొంచెం పైకి ఎత్తేసరికి రబ్బరు ప్లేటు దగ్గర నోరు తెరిచింది, లోపల ఒక మూల మాత్రమే పట్టుకుని ఉంది, మిగతాదంతా నల్లగా నిగనిగలాడుతూ రాసుకుని రాసుకుని నున్నగా అయిపోయింది, పైన ట్యాపెట్ కవర్ (ఇంజిన్ పై మూత) దగ్గర కారే ఆయిల్ నేరుగా దాని మీదే పడుతోంది. ఇంజిన్ లేచి పడుతుంటే దానికి బిగించిన పైపు ఛాసీకి కట్టిన చోట పగలక ఏం చేస్తుందండీ. మౌంటింగులు మార్చి, ఆయిల్ లీకు ఆపి, పైపు కొత్తది వేశాం, మళ్లీ అక్కడ పగల్లేదు. ఆ డ్రైవర్‌కి ఎవరైనా సారీ చెప్పారో లేదో నాకు తెలియదు కానీ చెప్పాల్సింది.

ఇలా మౌంటింగ్ పోతే పాడయ్యే వాటిలో సైలెన్సర్ పైపు ఒకటి మాత్రమే. ఇంటర్‌కూలర్ (ఇంజిన్‌లోకి వెళ్లే గాలిని చల్లబరిచేది) హోస్ క్లిప్పుల్లోంచి జారిపోతుంది, రేడియేటర్ హోస్ మెడ దగ్గర చీరుకుంటుంది, కంప్రెసర్ నుంచి వచ్చే గాలి పైపు ఛాసీకి రాసుకుని పలచబడుతుంది, అది బ్రేకులకి వెళ్లే గాలి అని మర్చిపోకండి. వైరింగ్ తొడుగు అరిగి ఎక్కడో షార్ట్ అవుతుంది. ప్రొపెల్లర్ షాఫ్ట్ (గేర్‌బాక్స్ నుంచి వెనక చక్రాల వైపు బలం తీసుకెళ్లే ఇరుసు) కోణం మారి క్రాస్ జాయింట్లు, సెంటర్ బేరింగ్ త్వరగా పోతాయి. గేర్ రాడ్ లింకేజీతో నడిచే బండ్లలో ఇంజిన్ ఊగినప్పుడు లింకేజీ లాగేసి గేర్ దానంతటదే న్యూట్రల్‌లోకి వచ్చేస్తుంది, గేర్‌బాక్స్ విప్పాలి అని చెప్పేస్తారు, విప్పి సింక్రోనైజర్లు (గేర్లు సాఫీగా పడేలా చేసే రింగులు) మార్చినా పోదు.

యాక్సిలరేటర్ రాడ్ ఉన్న పాత బండ్లలో ఇంకో సమస్య. పెడల్ క్యాబిన్‌కి బిగించి ఉంటుంది, డీజిల్ పంపు ఇంజిన్‌కి బిగించి ఉంటుంది, మధ్యలో రాడ్. ఇంజిన్ కదిలితే రాడ్ కదులుతుంది, డ్రైవర్ కాలు కదపకపోయినా డీజిల్ ఎక్కువా తక్కువా వెళ్తుంది, దానికి ఇంజిన్ ఇంకా ఊగుతుంది, ఆ ఊపుకి రాడ్ మళ్లీ కదులుతుంది, బండి ఎగిరెగిరి పడుతూ కదులుతుంది. దాన్ని చూసి క్లచ్ ప్లేట్ పోయిందని గేర్‌బాక్స్ దింపిన కేసులు ఉన్నాయి.

ఇదేదో చిన్న విషయం అనుకునేవాళ్లకి ఒక పాత సంగతి గుర్తుచేస్తా. అమెరికాలో 1971 డిసెంబర్‌లో జనరల్ మోటార్స్ కంపెనీ దాదాపు 67 లక్షల బండ్లని వెనక్కి పిలిచింది, ఎక్కువ శాతం 1960ల నాటి షెవర్లే కార్లు, కొన్ని చిన్న ట్రక్కులు కూడా. కారణం ఇంజిన్ మౌంటింగులే. రబ్బరు విడిపోతే ఇంజిన్ ఒక పక్క పైకి లేచి యాక్సిలరేటర్ లింకేజీని లాగి తెరిచేసేది, బ్రేక్ బూస్టర్ (బ్రేక్ తొక్కడం తేలిక చేసేది) గొట్టం కూడా ఊడే ప్రమాదం ఉండేది. సరిచేసింది ఎలాగంటే ఇంజిన్ మరీ లేవకుండా ఒక తీగ తాడు లాంటిది బిగించి. అవి పెట్రోల్ బండ్లు, నిజమే, కానీ రాడ్ లింకేజీ ఉన్న పాత డీజిల్‌లో కూడా జరిగేది అదే లెక్క. ఆ తర్వాతి మౌంటింగుల్లో చాలావాటికి రబ్బరు తెగినా ఇంజిన్ ఎగిరిపోకుండా ఇనుప కొక్కెం లాంటి ఆపు లోపలే పెడుతున్నారు, అది మంచిదే, కానీ దానివల్ల రబ్బరు తెగినా బండి నడిచిపోతుంది, ఖణ్ ఖణ్ మని కొట్టుకుంటూనే. బండి నడుస్తోంది కాబట్టి ఎవరూ పట్టించుకోరు.

రబ్బరు ఎందుకు పోతుందో కూడా చెప్పాలి. వయసు ఒకటి, బండి తిరగకుండా షెడ్డులో పెట్టినా గాలి తగిలి గట్టిపడుతుంది, పైన సన్నటి పగుళ్లు వస్తాయి. వేడి ఒకటి, వేడి పొగ బయటికి పోయే మ్యానిఫోల్డ్, టర్బో ఉన్న పక్క మౌంటింగ్ ముందు గట్టిపడుతుంది, అందుకే దాని పైన ఒక రేకు అడ్డం పెట్టి ఉంటుంది, రిపేర్ చేసినప్పుడు ఆ రేకు ఒక బోల్ట్ కుదరలేదని తీసి పక్కన పడేస్తారు, దయచేసి అలా చేయకండి. అన్నిటికంటే పెద్ద శత్రువు ఆయిల్, డీజిల్. ఈ దిమ్మల్లో ఎక్కువగా వాడేది సహజ రబ్బరు, దానికి సాగే గుణం, అలుపు లేకుండా పనిచేసే గుణం చాలా ఎక్కువ, కానీ ఆయిల్ పడితే ఉబ్బి మెత్తబడి చేత్తో గిల్లితే ఊడొచ్చేలా అయిపోతుంది. అందుకే లీకు ఆపకుండా కొత్త మౌంటింగ్ వేయడం దండగ. ట్యాపెట్ కవర్ ప్యాకింగ్, నాజిల్ (సిలిండర్లోకి డీజిల్ చిమ్మేది) రిటర్న్ పైపులు, ఆయిల్ కూలర్, పంపు వెనక సీలు, ఎక్కడ కారుతోందో ముందు అది చూడాలి, కడిగి ఆరబెట్టి ఒక రోజు తిప్పి మళ్లీ చూస్తే దొరికిపోతుంది.

ఎలా కనిపెట్టాలి అంటే, ఊరికే టార్చ్ వేసి చూస్తే చాలదు. బండి చదును నేల మీద పెట్టి హ్యాండ్ బ్రేక్ లాగి చక్రాల కింద ముందూ వెనకా చెక్కలు పెట్టండి. అనుభవం ఉన్న మనిషి సీట్లో కూర్చుని ఫస్ట్ గేర్ వేసి బ్రేక్ గట్టిగా తొక్కి క్లచ్ కొంచెం కొంచెంగా ఇంజిన్ స్పీడ్ తగ్గేదాకా మాత్రమే వదలాలి, వెంటనే తొక్కేయాలి. అదే రివర్స్‌లో. చూసేవాళ్లు పక్క నుంచి చూడాలి, బండికి ముందు గానీ వెనక గానీ ఒక్కరు కూడా నిలబడకూడదు, ఇది మాత్రం వంద సార్లు చెప్పినా తక్కువే. క్యాబిన్ ఎత్తి చూసే బండి అయితే ఎత్తి పెట్టి ఈ టెస్ట్ చేయడం కుదరదు కాబట్టి చక్రాల పక్క నుంచి చూడాలి. ఇంజిన్ కొంచెం కదలడం సహజం, ఒక పక్క అమాంతం లేచి మళ్లీ టప్పున కూర్చుంటే ఆ పక్క మౌంటింగ్ పోయినట్టు. తర్వాత ఇంజిన్ ఆఫ్ చేసి టామీ రాడ్ పెట్టి ఒక్కో బ్రాకెట్‌ని మెల్లగా ఎత్తి చూస్తే రబ్బరుకీ ప్లేటుకీ మధ్య విడిపోయింది కనపడుతుంది. కొన్ని పికప్ బండ్లలో లోపల ద్రవం ఉండే హైడ్రాలిక్ మౌంటింగులు వస్తాయి, వాటి చుట్టూ తడి మరక ఉంటే ద్రవం కారిపోయిందని అర్థం, రబ్బరు బాగున్నా అది పనికిరాదు.

అలాగని వణుకు ప్రతిదీ మౌంటింగ్ వల్లే అని కూడా అనను. ఒక నాజిల్ సరిగ్గా కొట్టకపోయినా ఇంజిన్ ఊగుతుంది, అప్పుడు ఊపు నెమ్మదిగా, ఒక లయ తప్పినట్టు ఉంటుంది, పొగ కూడా ఉంటుంది. పాత మెకానికల్ పంపు ఇంజిన్లో ఒక్కో నాజిల్ పైపు నట్ కొంచెం లూజు చేసి ఏది లూజు చేస్తే శబ్దం మారట్లేదో చూసి పట్టుకుంటాం. ఈ పద్ధతి కామన్ రైల్ (అన్ని నాజిళ్లకీ ఒకే హై ప్రెషర్ గొట్టం నుంచి డీజిల్ వెళ్లే కొత్త రకం) ఇంజిన్ మీద చేయనే చేయకండి, అందులో ప్రెషర్ వెయ్యి బార్ దాటి కూడా వెళ్తుంది, సన్నటి డీజిల్ ధార చర్మంలోంచి లోపలికి దూసుకుపోతుంది, చెయ్యి తీసేయాల్సి వచ్చే గాయం అది. ఇక బండి నడిచేటప్పుడు మాత్రమే, ఒక స్పీడ్ దగ్గర మాత్రమే వణికితే అది ప్రొపెల్లర్ షాఫ్ట్ వైపు చూడాల్సిన విషయం, నిలబెట్టి న్యూట్రల్‌లో అదే ఆర్‌పీఎంకి రేస్ చేస్తే వణుకు లేదంటే ఇంజిన్ వైపు అనుమానం తీసేయొచ్చు.

మార్చే పని గురించి, చేసేవాళ్లకీ చేయించుకునేవాళ్లకీ ఇద్దరికీ తెలియాల్సినవి కొన్ని రాస్తా. ఇంజిన్ పూర్తిగా చల్లారాలి, బ్యాటరీ నెగిటివ్ తీయాలి. బోల్టులు ఏళ్ల తరబడి తుప్పు పట్టి ఉంటాయి, ముందు రోజు రాత్రే తుప్పు వదిలే ఆయిల్ కొట్టి ఉంచితే పొద్దున పని సులువు, లేదంటే బోల్ట్ తల తెగి బ్లాక్‌లో ఉండిపోతుంది, తర్వాత డ్రిల్ చేసి తీయడం మౌంటింగ్ మార్చడం కన్నా పెద్ద పని అవుతుంది. పాత ఆరు సిలిండర్ల ఇంజిన్ గేర్‌బాక్స్‌తో కలిపి అర టన్ను దాటి ఉంటుంది, దాన్ని ఎత్తేటప్పుడు జాకీ నేరుగా ఆయిల్ చాంబర్ (ఇంజిన్ అడుగున ఆయిల్ ఉండే తొట్టి) కింద పెట్టడం చాలాచోట్ల చూస్తుంటాం. చాంబర్ పలచటి రేకు, నొక్కుకుపోతే లోపల ఆయిల్ పీల్చే జాలీకి చాంబర్ అడుగు తగిలి ఆయిల్ సరిగ్గా అందదు, బేరింగులు పట్టేస్తాయి, మౌంటింగ్ మార్చబోయి ఇంజిన్ పని తెచ్చుకున్నట్టు. పై నుంచి ఇంజిన్‌కి ఉన్న కొక్కేలకి చైన్ బ్లాక్ వేసి ఎత్తడం అన్నిటికంటే మంచిది, కుదరకపోతే బెల్ హౌసింగ్ (క్లచ్‌ని కప్పి ఉండే గట్టి గుల్ల) దగ్గర లాంటి గట్టి చోట మందపాటి చెక్క దిమ్మ పెట్టి ఎత్తాలి, ఎత్తాక స్టాండు పెట్టాలి, జాకీ ఒక్కదాన్నే నమ్మి కిందకి దూరకూడదు.

ఎత్తేముందు ఫ్యాన్ కౌలింగ్ బోల్టులు లూజు చేయండి, లేకపోతే ఫ్యాన్ కౌలింగ్‌కి తగిలి రేడియేటర్ దాకా పోతుంది. ఎయిర్ ఫిల్టర్ పైపు, సైలెన్సర్ పైపు, గేర్ లింకేజీ, ఎర్త్ వైరు ఏది టైట్ అవుతుందో చూస్తూ ఎత్తండి, బరువు తేలడానికి ఎంత కావాలో అంతే, కొద్ది మిల్లీమీటర్లు చాలు. అన్ని మౌంటింగులూ ఒకేసారి విప్పేయకండి, ఒక పక్క విప్పి కొత్తది పెట్టి బోల్టులు చేత్తో ఎక్కించాక రెండో పక్కకి వెళ్లండి. పాత దాని కింద షిమ్ములు (ఎత్తు సరిచేసే పలచటి రేకులు) ఉంటే ఎక్కడివి అక్కడే పెట్టండి, అవి ఊరికే పెట్టినవి కాదు, ప్రొపెల్లర్ షాఫ్ట్ కోణం కోసం పెట్టినవి. కొత్త దాని మీద పై వైపు ఏదో బాణం గుర్తు ఉంటే అది చూసుకోండి. బ్రాకెట్ బాగా తోమి కడిగి పగులు ఉందేమో చూడండి, మౌంటింగ్ తెగి కొట్టుకున్న బండ్లలో బ్రాకెట్ మూల దగ్గర వెంట్రుక మందం పగులు చాలాసార్లు దొరుకుతుంది. ఛాసీ క్రాస్ మెంబర్ (ఫ్రేములో అడ్డంగా ఉండే కమ్మీ) రివెట్లు కూడా అదే చేత్తో తట్టి చూడండి. బోల్ట్ రంధ్రాలు కలుస్తున్నాయా అని వేలు పెట్టి తడమకండి, ఇంజిన్ ఒక్క పిసరు దిగినా వేలు ఉండదు, మొన ఉన్న రాడ్ ఒకటి దూర్చి కలుపుకోండి.

బిగించే వరస మీద చాలామందికి శ్రద్ధ ఉండదు, నాకు మాత్రం ఇదే అసలు పని అనిపిస్తుంది. ఇంజిన్ గాలిలో వేలాడుతుండగా బోల్టులు ఫుల్ టైట్ చేసేస్తే ఇంజిన్ దిగినప్పుడు రబ్బరు మెలిక పడి ఆ మెలికతోనే ఉండిపోతుంది, కొత్త మౌంటింగ్ వేసినా వణుకు పోలేదని తిడతారు. అన్ని బోల్టులూ చేత్తో ఎక్కించి, ఇంజిన్ బరువు మొత్తం రబ్బర్ల మీదకి దింపి, ముందుకీ వెనక్కీ రెండుసార్లు ఊపి దాని చోట అది కూర్చున్నాక అప్పుడు టార్క్ రెంచ్‌తో మాన్యువల్‌లో ఉన్న లెక్కకి బిగించాలి. మాన్యువల్‌లో ఆ బండికి వేరే వరస ఇస్తే మాత్రం అదే ఫాలో అవ్వాలి. లాక్ నట్లు పాతవి మళ్లీ వాడొద్దు. రబ్బరు బుష్ దూరకపోతే గ్రీజు పూయకండి, సబ్బు నీళ్లు చాలు. ఎర్త్ వైరు మళ్లీ బిగించడం అస్సలు మర్చిపోవద్దు, ఇంజిన్ రబ్బరు మీద కూర్చుంది కాబట్టి ఛాసీకి కరెంట్ దారి ఆ వైరే, అది లేకపోతే సెల్ఫ్ కొట్టినప్పుడు అంత కరెంటూ యాక్సిలరేటర్ కేబుల్, గేర్ లింకేజీ గుండా పోయి అవి కాలిపోతాయి.

తెగింది ఒక్కటి మార్చితే సరిపోదా అని ఓనర్లు అడుగుతారు. సరిపోదండీ. ఒక పక్క కొత్త రబ్బరు ఎత్తుగా, ఇంకో పక్క పాతది కుంగి ఉంటే ఒక కాలు పొట్టి అయిన మంచంలాగ ఇంజిన్ వాలి కూర్చుంటుంది, కొత్త దాని మీదే భారమంతా పడి అది కూడా త్వరగా పోతుంది. ముందువీ వెనకవీ సెట్టుగా మార్చడమే సరైన పని. మార్చేది ఒరిజినల్ గట్టిదనం ఉన్నదై ఉండాలి, ఈ రబ్బర్లు షోర్ ఏ అనే గట్టిదనం కొలత మీద సాధారణంగా 40 నుంచి 70 మధ్యలో ఉంటాయి, ఏ బండికి ఎంత అన్నది పైన చెప్పిన ఊగే వేగాన్ని బట్టి పెట్టింది. గట్టి రబ్బరైతే ఎక్కువ కాలం వస్తుందని ఏదో ఒకటి వేస్తే మళ్లీ స్లోలో వణుకే. షెల్ఫ్ మీద ఏళ్ల తరబడి పడున్న పీసు కూడా కొత్తది కాదు, తయారైన తేదీ గుర్తు ఉంటే చూసి తీసుకోండి. పాత టైరు ముక్కలు, బెల్టు ముక్కలు కోసి దూర్చడం, ఇనుప ముక్క వెల్డింగ్ చేసేయడం, ఇవి గమ్యం చేరేదాకా తాత్కాలికంగా చేశారంటే అర్థం చేసుకుంటా, అదే పర్మనెంట్ చేసేసి బండిని పనికి పంపితే మాత్రం ఒప్పుకోను. ఇంజిన్‌ని ఛాసీకి ఇనుముతో కలిపేస్తే ఆ సెకనుకి 25, 30 దెబ్బలు నేరుగా ఫ్రేముకీ, రేడియేటర్‌కీ, డ్రైవర్ నడుముకీ వెళ్తాయి.

అసలు ఇంజిన్‌ని ఇలా రబ్బరు మీద తేలేలా కూర్చోబెట్టడం ఎంత ఆలోచించి చేసిన పనో చెప్పడానికి ఒక్క ఉదాహరణ, 1931లో క్రైస్లర్ వాళ్లు ప్లిమత్ కారులో ఫ్లోటింగ్ పవర్ అని తెచ్చారు, ఇంజిన్ సహజంగా ఏ గీత చుట్టూ ఊగుతుందో లెక్క కట్టి ముందు మౌంటింగ్ పైకి, వెనక మౌంటింగ్ కిందకి పెట్టి ఆ గీత మీదే నిలబెట్టారు, నాలుగు సిలిండర్ల ఇంజిన్ వణుకు సీట్లో కూర్చున్నవాళ్లకి తెలియనంత తగ్గించారు. అప్పుడే అంత శ్రద్ధ పెట్టిన దాన్ని ఇవాళ మనం టైరు ముక్కతో సరిపెడుతున్నాం.

మార్చిన తర్వాత కొన్నాళ్లు తిప్పి బోల్టులు మళ్లీ ఒకసారి టార్క్ చూడాలి, కొత్త రబ్బరు బరువుకి కొంచెం కుంగుతుంది కాబట్టి. ఫ్యాన్‌కీ కౌలింగ్‌కీ చుట్టూ ఖాళీ సమానంగా ఉందో లేదో అప్పుడే చూడండి. ఆ తర్వాత ఆయిల్ మార్చిన ప్రతిసారీ టార్చ్, టామీ రాడ్ తీసుకుని చూడటానికి ఎంతసేపు పడుతుందండీ, ఆయిల్ చాంబర్‌లోంచి కారేలోపే అయిపోతుంది.

ఓనర్లకి ఒక మాట. బండి ఎలా ఉందో అందరికన్నా ముందు తెలిసేది రోజంతా అందులో కూర్చునే మనిషికి. గేర్ రాడ్ ఎక్కువ ఊగుతోందనీ, క్లచ్ వదిలితే కింద తంతోందనీ, ఆఫ్ చేస్తే గట్టిగా కొడుతోందనీ డ్రైవర్ చెప్తే పని ఎగ్గొట్టడానికి చెప్తున్నాడు అనుకోకండి, అది రాసిపెట్టుకుని మెకానిక్‌కి అదే మాటల్లో చెప్పండి. "బండి వణుకుతోంది, చూడు" అంటే మాకు ఏమీ తెలియదు, "లోడ్ మీద ఫస్ట్ గేర్లో కదిలేటప్పుడు ఎడమ పక్క కొడుతోంది" అంటే సగం పని అయిపోయినట్టే.

ఎడిటర్ గారూ, మీ బండ్ల పేజీలో వారానికి ఒక చిన్న చోటు పాత బండ్ల మెయింటెనెన్స్ కోసం ఇవ్వండి, మెకానిక్‌లతో, డ్రైవర్లతో రాయించండి, ఫోటోలు వేయండి. తెగిన మౌంటింగ్ ఫోటో, మంచి మౌంటింగ్ ఫోటో పక్కపక్కన వేస్తే చాలామంది ఆ రోజే బండి కిందకి వంగి చూస్తారు. ఫోటోలు కావాలంటే నేను పంపిస్తాను.

ఇట్లు
పాత డీజిల్ ట్రక్కుల మీద పనిచేసే ఒక మెకానిక్